ఊపర్‌వాలాని ముట్టుకోకూడదు

ఆ రోజుల్లో బచేలిలో కంప్యూటరు తెలిసినవాడికీ, దెయ్యం వదిలించేవాడికీ ఒకే రకం గౌరవం ఉండేది. ఇద్దరినీ భయంగా పిలిచేవారు, టీ ఇచ్చేవారు, పనయ్యాక గుమ్మం దాటేదాకా కనిపెట్టి చూసేవారు. నేను జగదల్‌పూర్‌లో కంప్యూటరు డిగ్రీ పూర్తిచేసి, ఆ విద్యనంతా మా నాన్న ఫొటో స్టూడియోలో పాస్‌పోర్టు ఫొటోలు కత్తిరించడానికి వినియోగిస్తున్నాను. కొండ మీంచి ఇనుపరాయి దిగుతూనే ఉండేది, గూడ్సుబళ్ళు దాన్ని విశాఖపట్నం మోసుకుపోతూనే ఉండేవి, దాని ఎర్రదుమ్ము మాత్రం మా ఊళ్ళోనే ఉండిపోయేది. (మా స్టూడియోలో దిగిన పెళ్ళికొడుకులందరూ కాస్త సిగ్గుపడుతున్నట్టు కనిపించడానికి కారణం అదే.)

ఆ ఏడు వానాకాలంలో మా బాబాయి పోయాడు. బాబాయంటే రక్తసంబంధం కాదు. ఆయనదీ మాదీ బొబ్బిలి దగ్గర ఒకే ఊరు, పరాయి రాష్ట్రంలో ఆపాటి చాలు. రైల్లో పాయింట్స్‌మేను. బళ్ళకి దారి మార్చడం ఆయన ఉద్యోగం. మలేరియా మెదడుకెక్కింది. దానికి దారి మార్చేవాడు ఆస్పత్రిలో దొరకలేదు. కొన్నాళ్ళకి రైల్వే క్వార్టరు ఖాళీ చెయ్యాల్సొచ్చి, పిన్ని ఒక ట్రంకుపెట్టె, ఒక బకెట్టు, ఒక కిరోసిన్ స్టవ్వుతో మా ముందుగదిలోకి వచ్చింది. పిల్లల్లేరు. వచ్చిన రోజు నుంచీ మా ఇంట్లో ఏదీ ముట్టుకోలేదు. తన బకెట్టు, తన ఉప్పు, తన అగ్గిపెట్టె. కుళాయి కూడా మా అమ్మ తిప్పితేనే పట్టుకునేది. "ఇది నీ ఇల్లు కాదేటే?" అని అమ్మ కోప్పడితే, "కాదు కదప్పా" అనేది, లెక్క తప్పిన పిల్లకి లెక్క చెప్పినంత నెమ్మదిగా.

ఆవిడకి మిగిలిన దారి ఒక్కటే: అనుకంపా నియుక్తి, అంటే చనిపోయినవాడి బదులు ఇంట్లోవాళ్ళకి దయతలచి ఇచ్చే ఉద్యోగం. పిన్ని ఇక్కడే హిందీలో పన్నెండో తరగతి చదివింది కనక, టైపింగు పరీక్ష గట్టెక్కితే గుమాస్తా పని, దాంతోపాటు క్వార్టరు. లేకపోతే ఊళ్ళో అన్నల ఇంటికి పోయి, వదినల పంచన ఇంకో బకెట్టు పెట్టుకోవడం. "జీతం ఎంతిచ్చినా పర్లేదు బావూ. నా తలుపుకి నానే గెడ ఎయ్యాల. అంతే" అంది.

చిక్కేమిటంటే, పరీక్ష పెట్టే చోట కంప్యూటర్లు మాకు తెలిసిన విండోస్‌వి కావు, లినక్స్‌వి. మా ఊళ్ళో దాన్ని చూసినవాణ్ణి నేనొక్కణ్ణే, అది కూడా దూరం నుంచి. స్టూడియోలో ఉన్నది ఒకే కంప్యూటరు. దాంట్లో లినక్స్ ఎక్కిస్తానంటే నాన్న కత్తెర కింద పెట్టాడు. "అందులో ఈ ఊరి పెళ్ళిళ్ళన్నీ ఉన్నాయిరా. అవి గానీ పోయాయంటే అందరికీ మళ్ళీ పెళ్ళిళ్ళు చెయ్యాల. నువ్వు చేయిస్తావేటి?"

అందుకని వర్చువల్ మెషీను పెట్టాను. ఉన్న కంప్యూటరు లోపల లేని కంప్యూటరునొకదాన్ని పుట్టించి, అదే అసలుదని దాన్ని నమ్మించడం. ఉన్న మెమొరీలో కొంత దానికి పంచివ్వాలి. ఔదార్యం కొద్దీ ఎక్కువిచ్చేశాను. పైనున్న అసలుది మూర్ఛపోయింది. అప్పుడే ఆల్బమ్ చేస్తున్న నాన్న ముందు, తాళి కట్టే చోట బొమ్మ బిగుసుకుపోయింది. "ముహూర్తం దాటిపోతంది, వదల్రా!" అని నాన్న అరిచాడు. తగ్గించి ఇస్తే లోపలిది ఊపిరాడక కొట్టుకుంది. ఇద్దరికీ సరిపడా ఎంతో తేల్చడానికి ఓ వారం పట్టింది. రెండు కాపురాలున్న ఇంట్లో పుట్టి పెరిగినట్టు, చివరికి రెండూ నెమ్మదిగా, ఒకదానికొకటి అడ్డం రాకుండా బతకడం నేర్చుకున్నాయి.

పిన్నిని కూర్చోబెట్టి పాఠం చెప్పాను. పైదాన్ని హోస్టంటారు, అంటే ఇంటివాడు. ఈ చిన్న కిటికీలో కనిపించే లినక్స్ గెస్టు, వచ్చి ఉంటున్న చుట్టం. చెప్పాక గానీ నాలుక కరుచుకోలేదు. పిన్ని తెరకేసి చూసి, "పాపం, ఇదీ నాలాటిదే" అంది. ఆపైన మేం వాటిని పైది, లోపలిది అనే పిలిచాం.

పిన్ని వేళ్ళు చురుకు. తప్పుల్లేని హిందీ లోపల పరుగెత్తేది. కానీ మౌసు ఒకసారి లోపలికి పోయిందంటే బయటికి రాదు, కుడిచేతి వైపు కంట్రోల్ మీట నొక్కాలి. ఆ ఒక్క మీటా పిన్ని నొక్కేది కాదు. నొక్కితే తేలేది పైదాంట్లో, అది మా నాన్నది. "బావూ, తలుపు తియ్యి" అని కేకేసేది. నేను వచ్చి తీసేవాణ్ణి. రోజూ అంతే. నాకది ముచ్చటగా కూడా ఉండేది.

పరీక్ష జగదల్‌పూర్‌లో. నేను వరండాలో కిటికీ ఊచల దగ్గర నిలబడ్డాను. గంట కొట్టారు. గదిలో మీటల చప్పుడు వడగళ్ళలా మొదలైంది. పిన్ని మాత్రం చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఎదురుగా లినక్స్, తెర నిండా. ఇన్నాళ్ళూ ఆవిడ దాన్ని చిన్న కిటికీలోనే చూసింది. తెర నిండా ఉన్నది ఏదైనా సరే, అది పైది. ఎవరిదో. ముట్టుకోకూడదు.

పర్యవేక్షకుడు వచ్చాడు. ముసలాయన, నుదుట కుంకుమ. "క్యా హువా బహెన్‌జీ? షురూ కీజియే" అని మొదలెట్టమన్నాడు.

"సాబ్, యే ఊపర్‌వాలా హై" అంది పిన్ని కంగారుగా. పైది అన్న మాటని హిందీలో పెట్టింది, అంతే. కానీ హిందీలో ఊపర్‌వాలా అంటే దేవుడు. "ఊపర్‌వాలా ఖోలేగా, తబ్ కరూఁగీ." పైది తెరుచుకుంటే అప్పుడు చేస్తానని ఆవిడ అంటోంది. దేవుడు దారి తెరవాలని ఆయన విన్నాడు. తెల్లచీరా, బోసినుదురూ చూశాడు. ఆయన కళ్ళు తడిశాయి. "హాఁ బేటీ, కర్ లో ప్రార్థనా" అని, ఆవిడ భక్తికి భంగం కలగకుండా మునివేళ్ళ మీద పక్కకి తప్పుకున్నాడు.

"పిన్నీ, అదే లోపలిది! కొట్టు!" అని నేను తెలుగులో అరిచాను. పర్యవేక్షకుడు అడ్డు చెప్పలేదు, అది కూడా మంత్రమే అనుకున్నట్టున్నాడు. చౌకీదారు మాత్రం నన్ను కాలరు పట్టి ఈడ్చాడు. నా మాట అందిందో, తనకే వెలిగిందో, పిన్ని మొదలెట్టింది. ఒక్క తప్పు లేదట. కాకపోతే కాగితం సగానికి రాకుండానే మళ్ళీ గంట కొట్టారు.

తిరుగు బస్సెక్కాం. గీదం దాటాక పిన్ని అడిగింది, "అయితే బావూ, ఆ గదిలో అన్నిటికన్నా పైది ఎవుల్ది?"

నాకు తెలియదన్నాను. అది నిజం.

గుమాస్తా పని పోయింది. చాలాకాలం తిప్పి, ఘాట్ దారిలో ఒక చిన్న స్టేషన్లో సఫాయి పని ఇచ్చారు. ప్లాట్‌ఫారం మీది ఎర్రదుమ్ము ఊడవడం, గూడ్సు రాగానే మళ్ళీ మొదలెట్టడం. నేను చూడబోయేసరికి అరచేతులు చీపురుకట్టకి కాయలు కాశాయి. పొడిదగ్గు పట్టుకుంది. క్వార్టరు ఒక్కటే గది. పిన్ని పట్టపగలు తలుపు మూసి గెడ వేసింది. టక్కున చప్పుడైంది. మళ్ళీ తీసింది. నాకు చూపించడానికే. "కూకో బావూ. ఇప్పుడు నువ్వే గెస్టువి."

ఇప్పుడు విశాఖపట్నంలో నా ఉద్యోగమే అది: ఎక్కడో, నేనెన్నడూ చూడని పెద్ద యంత్రాల లోపల గెస్టుల్ని పెట్టి వాటికి మెమొరీ పంచడం. ఎవరికీ ఎక్కువివ్వను. ఎప్పుడైనా మౌసు లోపల చిక్కుకుంటే, కంప్యూటరు పట్టా పుచ్చుకున్న ఆ కుర్రాడు, అంటే నేను, ఆ రోజు పిన్ని ఒంటిగదిలో బుద్ధిగా ముడుచుకు కూర్చున్న తీరు గుర్తొచ్చి నవ్వొస్తుంది. వాడికి బాగా దాహంగా ఉంది. మంచినీళ్ళ కుండ మోచేతి పక్కనే ఉంది, మూత మీద గ్లాసు కూడా ఉంది. చెయ్యి చాపబోయి, ఆగి, "పిన్నీ, కాస్త మంచినీళ్ళిస్తావా?" అని అడిగాడు.