కుళాయి వేళకి చదువట!

ఖరగ్‌పూర్‌లో నిమ్‌పురా రైల్వే క్వార్టర్లలోని మన తెలుగు ఆడవాళ్ళకు చదవడం, రాయడం నేర్పడానికి జీతం లేకుండా ఒప్పుకున్నాను. పాఠాలు వచ్చే నెల నుంచి. ముందు ఊరు చూసి రమ్మని నాన్న విజయనగరంలో మెయిలెక్కించారు. చూసి వచ్చాను. ఇంకా ఒళ్ళు మండుతూనే ఉంది.

పొద్దున్నే ఖరగ్‌పూర్‌లో దిగాను. ప్లాట్‌ఫారం ఎంత నడిచినా తరగదు. మధ్యలో ఆగి మట్టి ముంతలో టీ తాగాను. తెలుగు సంఘం కార్యదర్శి దానియేలు గారు రిక్షాతో వచ్చారు. ఆయన వర్క్‌షాపులో ఫిట్టరు. బస వాళ్ళింట్లోనే. ఆయన భార్య రూతమ్మ రెండు బకెట్ల నీళ్ళు పెట్టింది. ఒంటి మీది బొగ్గు నుసి వదిలేదాకా హాయిగా పోసుకున్నాను.

తర్వాత గోల్‌బజార్ తిరిగాను. లూచీలని వాళ్ళ మైదా పూరీలు బాగున్నాయి, కూరలో తీపే నాకు పడలేదు. గాజుల కొట్టు బెంగాలీ నా హిందీ విని నవ్వి, తెలుగులో బేరమాడాడు.

"సగం గిరాకీ మీవాళ్ళే గదా దీదీ," అన్నాడు.

మధ్యాహ్నం భోజనానికి వచ్చిన దానియేలు గారు సంఘం గది చూపించారు. కొత్త నల్లబల్ల కూడా కొన్నారు.

"పాఠాలు సాయంత్రం అయిదుకి పెట్టినామమ్మా. ఆరు దాటితే మనోళ్ళు పేకాటకొస్తారు."

మంచి ఏర్పాటే అనుకున్నాను, నా తెలివి తెల్లారినట్టే ఉంది.

అయిదింటికి క్వార్టర్ల వెనక నడుస్తుంటే వీధి కుళాయి కనిపించింది. పేటలోని ఆడవాళ్ళంతా బిందెలతో అక్కడే ఉన్నారు. రూతమ్మ వరసలో చివరనుంది.

"రోజూ ఈ వేళకేనా నీళ్ళు?"

"ఇప్పుడు పట్టకపోతే మళ్ళీ తెల్లారేనమ్మా."

"మరి చదువుకెలా వస్తావు?"

"నేర్సుకోవాలనే ఉన్నాదమ్మా. ఆదోరం చర్చీలో పాటల పుస్తకం పట్టుకుంటాను. పక్కామె పేజీ తిప్పితే నానూ తిప్పుతాను." బిందె ముందుకు జరిపింది.

రాత్రి అన్నాల దగ్గర ఆయన్ని అడిగాను.

"మధ్యాహ్నం గది ఖాళీయే కదండీ?"

"కాళీయేగానమ్మా, తాళం నా జేబులో ఉంటాది. నాను వర్క్‌షాపులో ఉంటాను."

"రూతమ్మకిచ్చి వెళ్ళండి."

ఆయన నవ్వారు. "సంఘం తాళం ఆడోళ్ళ సేతికా? నలుగురూ ఏటనుకుంటారు?"

అరికాలి మంట నెత్తికెక్కింది. ఆడవాళ్ళ చదువుకి గది ఉంది, బల్ల ఉంది, పంతులమ్మ ఉంది. వేళ మాత్రం ఆడవాళ్ళని ఎవరూ అడగలేదు. చేపల పులుసు వడ్డిస్తూ రూతమ్మ తలెత్తలేదు.

మర్నాడు బయల్దేరుతుంటే ఆమె రిక్షా దాకా వచ్చింది.

"తప్పకుండా రండమ్మా. ఈసారి మీకు మూడు బకెట్లు పట్టి ఉంచుతాను."

నిన్న నేను హాయిగా ఒలకబోసుకున్నది ఆమె ఆ వరసలో నిలబడి పట్టిన నీళ్ళే.

తిరుగు బండిలో దారంతా పళ్ళు నూరుకుంటూనే వచ్చాను. ఖరగ్‌పూర్ మంచి ఊరే, వెళ్ళి చూడండి. ఎవరింట్లోనైనా దిగితే మాత్రం నుసి తడిగుడ్డతో తుడుచుకోండి. వచ్చే నెల నేనూ వెళ్తాను. తాళం ఆయన జేబులోనే ఉండనివ్వండి. నా బకెట్ నేనే పట్టుకుని అయిదింటికి ఆ వరసలో రూతమ్మ వెనక నిలబడతాను. రెండో చేతిలో పలక ఉంటుంది.