మా అవ్వ కనిపెట్టిన జపాన్ పద్ధతి

ఆ రోజుల్లో నాకు రాని పని అంటూ ఒకటి లేదు. నిజం చెప్పాలంటే, 'రాదు' అనే మాట ఒక్కటే నాకు రాదు. హైదరాబాదులో హోటల్ వంటల చదువు ముగించి, ఒక పెద్ద హోటల్ వంటింట్లో కొత్తగా చేరి, ఆరు నెలలుగా ఉల్లిగడ్డలు తరుగుతూ నా భవిష్యత్తు మీద నేనే ఏడుస్తున్న కాలమది (ఉల్లిగడ్డల ఏడుపు ఏది, సొంత ఏడుపు ఏది అని నాకే తెలిసేది కాదు). ఒకరోజు మా పెద్ద వంటగాడు, అందరం పెద్ద సారు అని పిలిచే ఆరడుగుల మనిషి, అందరినీ నిలబెట్టి "శాకాహారులకు సుషి మొదలుపెడుతున్నాం. ఎవరికి వచ్చు?" అని అడిగాడు. సుషి అంటే జపాన్ వాళ్ళ వంట. సముద్రపు నాచును కాగితంలా ఎండబెట్టి, దాని మీద పుల్లటి అన్నం పరిచి, మధ్యలో కీర, క్యారెట్ ముక్కలు పెట్టి, చాప చుట్టినట్టు చుట్టి ముక్కలు కోస్తారు. నేను దాన్ని ఫోనులో రెండుసార్లు చూశాను. మూడోసారి చూద్దామనుకునేలోపు నిద్ర వచ్చింది. అయినా నా చెయ్యి నన్ను అడగకుండానే లేచింది. "వచ్చు సార్. ముంబైలో నేర్చుకున్నాను." ముంబై ఎందుకన్నానో నాకు ఇప్పటికీ తెలియదు. నేను ముంబై రైలును నిజామాబాద్ స్టేషన్లో చూడటమే తప్ప ఎక్కింది లేదు.

"సోమవారం పొద్దున చేసి చూపించు. బాగుంటే ఆ కౌంటరు నీదే. లేకపోతే నీ ట్రైనింగు అక్కడితో అయిపోయినట్టే" అన్నాడు పెద్ద సారు. అప్పటికి శుక్రవారం. నేను ఒక నాచు కాగితాల పొట్లం కొని, బస్సెక్కి నిజామాబాదులో మా ఇంటికి వచ్చేశాను. పొట్లంలో పది కాగితాలు ఉన్నాయి. అక్కడ అలాంటివి అడిగితే దుకాణాల వాళ్ళు నా నాడి పట్టి చూస్తారని తెలుసు కాబట్టి, వాటిని గాజు బొమ్మల్లా ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను.

ఇంట్లో అవ్వ (మా దగ్గర అవ్వ అంటే అమ్మే) ఎప్పటిలాగే గడపకు ఆనుకుని, ఒక కాలు చాపి, ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. నేను పుట్టక ముందు నుంచీ ఆ చాట ఆ ఒళ్ళోనే ఉంది. నేను ఆ ఒళ్ళోకి రావాలంటే చాట పక్కకు జరిగితేనే. నా హోటల్ చదువు మొత్తం ఆ చాటలోంచే వచ్చింది. కానీ హైదరాబాదులో ఎవరైనా "మీ అమ్మ ఏం చేస్తారు?" అంటే "ఇంట్లోనే ఉంటారు" అనేవాణ్ణి. అబద్ధం కాదు. బీడీలు చుట్టేదీ ఇంట్లోనే కదా.

శనివారం పొద్దున మొదటి ప్రయత్నం చేశాను. ఇంట్లో ఉన్న పాత సన్నబియ్యం వండి, వెనిగర్, ఉప్పు, చక్కెర కలుపుతుంటే మా బాపు (నాన్న) వచ్చి నిలబడ్డాడు. ఆయన చక్కెర ఫ్యాక్టరీ ఉన్న బోధన్ పక్క ఊళ్ళో పుట్టి, చెరుకు బండ్ల మీదే పెరిగిన మనిషి. చక్కెర విషయంలో తనను అడగకుండా ఎవరూ ఏమీ చేయకూడదని ఆయన నమ్మకం.

"అన్నంల పులుపు ఏస్తివి, మంచిగున్నది. మళ్ళ గా చక్కెర ఎందుకురా? పులిహోర చెయ్యబోయి పాయసంల పడ్డవా?"

"జపానోళ్ళు గట్లనే తింటరు బాపు."

"తినని పాపం. వాళ్ళకు ఎవలు చెప్పేటోళ్ళు లేకపోయిండ్రు" అని ఒక పిడికెడు నోట్లో వేసుకుని, ముఖం ఎటు పెట్టాలో తెలియక బజారులోకి వెళ్ళిపోయాడు.

తీరా చుట్టబోతే ఏ మెతుక్కు ఆ మెతుకు వేరుగా నిలబడింది. పాత బియ్యం గొప్పతనమే అది. పొడిపొడిగా, మల్లెపూలలా ఉంటుందని మా వాళ్ళు ఏరికోరి కొంటారు. చుట్ట విప్పితే అన్నం ఒకవైపు, కీర ఒకవైపు, నా పరువు ఒకవైపు పడ్డాయి. రెండు నాచు కాగితాలు అలా పోయాయి. అవ్వ బీడీ చుట్టడం ఆపకుండానే చూసి "ముద్ద గావాలంటే పాత బియ్యం ఎందుకురా? మోస్రా నుంచి మీ మేనమామ పంపిన కొత్త బియ్యం ఉన్నయ్. వండితే బంక లెక్క అతుక్కుంటయ్. తినలేక మూలకు పెట్టిన" అంది. ఇంటిల్లిపాదీ తిట్టుకునే ఆ కొత్త బియ్యమే జపాన్ వాళ్ళు కోరుకునేదని నాకు అప్పుడు వెలిగింది. సంతోషంతో ఆ అన్నం పొయ్యి మీద పెట్టించి, లేత కీరల కోసం కూరగాయల అంగడికి పరుగెత్తాను. పోతూ పోతూ "అవ్వా, గా ఆకులు జాగ్రత్త. హైదరాబాదుల తప్ప దొరకయ్" అని చెప్పాను. ఇక్కడే నేను తప్పు చేశాను. వాటిని ఆకులు అనకుండా ఉండాల్సింది.

తిరిగి వచ్చేసరికి నా పొట్లం ఖాళీగా ఉంది. అవ్వ పక్కన తడిగుడ్డ మూట ఒకటి ఉంది. బీడీలు చుట్టే ఇంట్లో పుట్టిన వాడికి తడిగుడ్డ మూట అంటే ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. బీడీ చుట్టే తునికాకు ఎండి పెళుసుగా ఉంటుంది. దాన్ని తడిపి, గుడ్డలో చుట్టి పెడితే మెత్తబడి, కత్తెరకూ వేలికీ లొంగుతుంది.

"గంత ఎండినయ్ ఏంది బిడ్డా గా ఆకులు! పట్టుకుంటే పెళపెళమన్నయ్. గట్లనే చుడితే పగులవా? అందుకే తడిపి పెట్టిన. ఇంకో గడియైతే మంచిగ నాన్తయ్" అంది, కొడుక్కు ఎంతో మేలు చేసిన ముఖంతో.

మూట విప్పాను. ఎనిమిది కాగితాలూ కలిసి ఒకే నల్లటి ముద్దయి, చెరువు గట్టున కాలు జారేలా చేసే నాచులాగా జిగురు కారుతున్నాయి. అవి ఎంత నాచు అయితే మాత్రం, మళ్ళీ నాచే అయిపోవాలా? నేను నెత్తి పట్టుకుని కూర్చున్నాను. తర్వాత నోటికి వచ్చినట్టు అరిచాను. ఆకు పాడు చేశావన్నాను, నా కొలువు పోగొట్టావన్నాను. చివరికి "నీకు బీడీలు తప్ప ఏం తెలుసు?" అని కూడా అన్నాను. ఇప్పుడు తలచుకుంటే ఆ మాట అన్న నోట్లో ఆ ముద్ద మొత్తం కుక్కాలనిపిస్తుంది.

అవ్వ మాత్రం చాట కింద పెట్టి, నేను పొద్దున పాడు చేసిన చుట్టను తీసి అటూ ఇటూ తిప్పి చూసింది. "ఆకు నేను ఖరాబు చేసిన, ఒప్పుకుంట. మరి గిది చుట్టింది ఎవలు? గిది సుత ఆకుదే తప్పా? ఆడలేక మద్దెల ఓడంటే ఎట్లరా? బీడీ కార్ఖానాల అయితే గిసుంటిది మొకం మీద కొడ్తరు" అంది. తర్వాత లేచి, ఆ ఆకుకు బదులు చుట్టడానికి చపాతీ పిండి తడిపింది.

ఆ సాయంత్రం, ఆదివారం పొద్దంతా మా ఇంట్లో చపాతీ సుషి నడిచింది. అవ్వ పల్చగా కాల్చిన చపాతీలను, తునికాకు కోసే రేకు ముక్కను కొలతగా పెట్టి కత్తిరించబోయింది (ఆ కొలతకు కోస్తే సుషి కాదు, నిజంగా బీడీయే వచ్చేది. పళ్ళెం బోర్లించి కోద్దామని ఒప్పించాను). సుషి చుట్టడానికి నేను తెచ్చుకున్న చిన్న వెదురు చాపను తీసి "చేతులు ఉండంగ గిదెందుకు?" అని పక్కన పడేసింది. నన్ను గడప దగ్గర కూర్చోబెట్టి, ఒక కాలు చాపించి, ఒళ్ళో చాట పెట్టింది. ఆ చాట నా ఒళ్ళోకి రావడం అదే మొదటిసారి.

"ఎక్కువ పెడితే పగుల్తది, తక్కువ పెడితే సప్పగైతది. నిండుగ పరువకు, కొసకు రెండు వేళ్ళ మందం జాగ ఇడువు. బొటనేలితోని లోపటికి నూకు, కడమ ఏళ్ళతోని దగ్గరికి గుంజు. కండ్లతోని చూడకురా, ఏళ్ళతోని చూడు."

వాకిట్లో మా గల్లీ కత్తెరక్క వచ్చి కూర్చుంది. ఆకు కత్తిరించడంలో ఆమెను మించినవాళ్ళు లేరు కాబట్టి ఆ పేరు. నన్ను చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "ఏందే, హోటల్ సారుకు బీడీ కార్ఖానల పనికి కార్డు ఇప్పిస్తున్నవా?" అని ఆమె అడిగితే, "ముందుగాల పని రానియ్, గప్పుడు కార్డు" అంది అవ్వ. నేను చుట్టిన ప్రతిదాన్నీ రెండు వేళ్ళ మధ్య నొక్కి చూసి, వదులుగా ఉంటే మూలకు విసిరేసింది. ఇన్నేళ్ళుగా కార్ఖానాలో ఎవరో ఆమె బీడీ కట్టలు విప్పి, నొక్కి, పనికిరావని తీసి పడేసేవాడు. ఇప్పుడు ఆ పని తన చేతికి వచ్చేసరికి ఆమె ఎంత ఇష్టంగా చేసిందో చెప్పలేను. మూలకు పడ్డవన్నీ బాపు తిన్నాడు. ఆదివారం సాయంత్రానికి "చక్కెర జర ఎక్కువైతే బాగుండు" అని కూడా అన్నాడు. పొద్దుగూకే వేళకు నా చుట్ట ఒకటి ఆమె వేళ్ళ మధ్య నలగకుండా నిలబడింది. అవ్వ దాన్ని మూలకు విసరలేదు, అంతే.

సోమవారం పొద్దున హోటల్లో అసలు నాచు, అసలు బియ్యం, మెరిసే ఉక్కు బల్ల. పెద్ద సారు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నేను బల్ల ముందు నిలబడి మొదటిది చుట్టాను. విడిపోయింది. రెండోది చుట్టాను. అది ఇంకా ముందే విడిపోయింది. నా వేళ్ళకు ఏమీ గుర్తులేదు. అప్పుడు అర్థమైంది, నేను నేర్చుకున్నది కూర్చుని కదా! ఇక ఆలోచించలేదు. మూలనున్న కూరగాయల ప్లాస్టిక్ డబ్బాను బోర్లించి, దాని మీద కూర్చుని, ఒక కాలు చాపి, పళ్ళెం ఒళ్ళో పెట్టుకున్నాను. ఒక్కసారిగా చేతుల్లోకి అవ్వ వచ్చి కూర్చున్నట్టయింది. చకచకా పది చుట్టలు, ఒకదానికి ఒకటి తేడా లేకుండా వచ్చాయి. చివరన అలవాటు కొద్దీ కొసలను గోటితో లోపలికి మడిచి మూసేశాను. బీడీకి కట్టే దారం కోసం చెయ్యి పక్కకు పోయింది గానీ, అదృష్టవశాత్తు అక్కడ దారం లేదు.

పెద్ద సారు ఒకటి తీసి రెండు వేళ్ళతో నొక్కి చూశాడు. (అచ్చం అవ్వలాగే. నొక్కి చూసేవాళ్ళంతా ఒకే జాతి.) "బాగున్నాయి. కానీ ఈ కూర్చోవడమేమిటి? ఎవరు నేర్పారు?"

చెప్పవచ్చు. చెప్పడానికి అదే సమయం. వంటింట్లో పదిమంది నా వైపే చూస్తున్నారు. "మా అవ్వ నేర్పింది, బీడీలు చుడుతుంది" అనే మాటలు గొంతు దాకా వచ్చాయి. బయటికి మాత్రం వేరేవి వచ్చాయి. "జపాన్ పద్ధతి సార్. అసలైన వాళ్ళు ఇలాగే కూర్చుంటారు. ముంబైలో మా సారు చెప్పారు."

పెద్ద సారు చాలా గౌరవంగా తలూపాడు. కౌంటరు నాకు ఇచ్చాడు. సాయంత్రం అవ్వకు ఫోను చేశాను. కొలువు నిలబడిందంటే సంతోషపడి, తర్వాత అడిగింది. "ఎవలు నేర్పిండ్రని అడిగిండ్రా?"

"అడగలే అవ్వా."

"పోనీ తియ్. అడగకపోతేంది" అంది.

నాలుగేళ్ళ తర్వాత ఏదో పెళ్ళికి హైదరాబాదు వచ్చిన అవ్వ, నేను పని చేసే చోటు చూస్తానంది. అప్పటికి పెద్ద సారు వేరే ఊరి హోటల్‌కు వెళ్ళిపోయాడు, వంటింట్లో నా మాటే చెల్లుతోంది. తీసుకెళ్ళాను. లోపల కొత్తగా చేరిన వంటాయన, నాకంటే వయసులో పెద్దవాడైన మీసాల మనిషి, బోర్లించిన డబ్బా మీద కూర్చుని, ఒక కాలు చాపి, ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని సుషి చుడుతున్నాడు. పెద్ద సారు వెళ్తూ వెళ్తూ అందరికీ దాన్ని నియమంగా పెట్టి పోయాడు మరి. అవ్వ గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఈయనది ఏ కార్ఖాన బిడ్డా?"

మీసాల ఆయన నవ్వి, "కార్ఖానా కాదమ్మా, ఇది జపాన్ పద్ధతి. మన సారు ముంబైలో నేర్చుకుని వచ్చిండ్రు" అన్నాడు నన్ను చూపిస్తూ.

అవ్వ నా వైపు తిరిగింది. ఆమె ముఖంలో కోపం లేదు. అదే నాకు కష్టమైంది. సిగ్గుతో తల వంచుకున్నాను. తర్వాత, నాలుగేళ్ళు ఆలస్యంగా, అందరికీ వినపడేటట్టు చెప్పాను. "ముంబై లేదు, జపాన్ లేదు. నాకు నేర్పింది ఈమే. మా అవ్వ. బీడీలు చుడుతుంది."

వంటింట్లో అందరూ చేతులాపి చూశారు. అవ్వ వాళ్ళనేమీ పట్టించుకోకుండా మీసాల ఆయన దగ్గరికి వెళ్ళి, వంగి, ఆయన మోకాలు తట్టింది. "జర గీ కాలు మడువు కొడుకా. పొద్దంత చాపి కూసుంటే నడుము పోతది. గడియకోసారి కాలు మార్చాలె. వీడు సగమే నేర్సుకొని ఉరికిండు, మీకేం చెప్తడు?"

బస్టాండుకు ఆటోలో పోతుంటే నేనే అన్నాను. "అవ్వా, ఆనాడు వాళ్ళు అడిగిండ్రు. నేనే చెప్పలే."

"నాకెర్కనేరా" అంది అవ్వ, బయటికి చూస్తూ. "గంత మంచిగ చుట్టినంక ఎవలన్న అడగకుంట ఉంటరా?"

ఇప్పుడు నేను ఎక్కడ సుషి చేసినా, ఎవరూ అడగకపోయినా చెబుతాను. కాలు కూడా గంటకోసారి మారుస్తాను. అయినా నడుము నొప్పి వస్తూనే ఉంది. ఇంకా ఏదో సగం నేర్చుకోకుండానే వచ్చేసినట్టున్నాను.