మా అవ్వ పోపు పెట్టిన మయోనైస్

మా చిన్నప్పుడు... కేతేపల్లిలో ఒకరోజు మా ఇంటి మగ్గం ఆగిపోయింది. జ్వరమొచ్చినా ఆగని మగ్గం, మయోనైస్ కోసం ఆగింది.

మా చిన్నాయన, అంటే బాపు తమ్ముడు, సాగర్ డ్యాం కట్టేచోట ఇంజనీర్ల మెస్సులో వంట చేసేవాడు. సెలవుకు వస్తే, బాపు మళ్లీ పోనియ్యనన్నాడు.

"మగ్గం ఇడిసి గరిటె పట్టుడేందిరా?"

"ఒక్కసారి నా చేతివంట తిను అన్నా. మంచిగ లేకుంటే రేపటిసంది మగ్గం గుంటల దిగుత."

అదీ పందెం...

చిన్నాయన ఆలుగడ్డలను వేలంత ముక్కలుగా కోసి వేయించాడు. ముంచుకోవడానికని పచ్చిగుడ్డు సొనలో చుక్క చుక్కగా పల్లినూనె పోస్తూ గంటసేపు గిలకొట్టాడు. అది మీగడలా చిక్కబడింది. అదే మయోనైస్. మూడు గిన్నెల్లోకి తీసి ఒకదాంట్లో ఎల్లిగడ్డ, ఒకదాంట్లో పుదీన, ఇంకోదాంట్లో ఎర్రకారం కలిపాడు. మా ఊళ్లో కోడిగుడ్డుకు అంతటి గౌరవం అంతకుముందు ఎవరూ ఇవ్వలేదు.

తర్వాత చేతులు కడుక్కోవడానికి బావి దగ్గరికి పోయాడు. అంతలో మా అవ్వ గిన్నెల్లోకి తొంగిచూసింది.

"అయ్యో, పచ్చిగుడ్డు గట్లనే పెడ్తాండు! గీ తొక్కుపచ్చడికి పోపన్న లేదు. వాళ్లన్న తిడ్తడు బిడ్డా... జర ఆవాలు అందియ్యి."

కొడుకు గెలవాలనే ఆమె ఆరాటం. కాగుతున్న పోపు మూడు గిన్నెల్లోనూ సమానంగా పోసింది. గుడ్డు ఉడికి ఉండలు కట్టింది. నూనె పైకి తేలింది. అందులో ఆవాలు సంతాపసభకు వచ్చిన జనంలా నల్లగా నిలబడ్డాయి.

బాపు ముంచాడు. నమిలాడు.

"గింత దానికేనారా సాగర్ దాకా పోయింది?"

చిన్నాయన గిన్నెల వైపు చూశాడు. అవ్వ వైపు చూశాడు. పోపు ఎవరు పెట్టారని అడగనే లేదు...

"కుదరలే అన్నా" అన్నాడు.

మర్నాడు గుంటలో దిగాడు. దిగినవాడు దిగినట్టే ముసలివాడయ్యాడు. ఆ తర్వాత ఏ కూర గురించీ బాగుందనీ, బాగాలేదనీ అనలేదు. పెట్టింది తిని లేచేవాడు. ఇంకో రెండు ఎండుమిరపకాయలు పడి ఉంటే గెలిచేవాడేనని అవ్వ మాత్రం పోయేదాకా నమ్మింది.

ఇప్పుడు నల్గొండలో ఏ బేకరీకి పోయినా వేయించిన ఆలుగడ్డ పక్కన మూడు రంగుల మయోనైస్ పెడుతున్నారు. ఎల్లిగడ్డ, పుదీన, కారం... పిల్లలు సగం ముంచుకుని సగం పారేస్తున్నారు. చిన్నాయన చూడకుండానే పోయాడు.

నేను ఉత్త ముక్కలే తింటాను. ఆవాలు అందించింది నేనే కదా...

మీరూ ఎప్పుడన్నా ఎవరి గిన్నెలోనైనా ప్రేమగా పోపు పోసి ఉంటే కింద రాయండి. నాకు జర తోడుంటుంది.