తిరిపెందాని వంక

దయాసాగర్ మాస్టారు రిటైరైన రెండో ఏడు వాళ్ల బాప్టిస్టు సంఘానికి నూరేళ్లు నిండాయి. ఉదయగిరికీ మర్రిపాడుకీ మధ్య ఏడు పల్లెలు ఆ సంఘం కిందికి వస్తాయి. ఉత్సవానికి పుస్తకం వేద్దామని పెద్దలు అనుకున్నప్పుడు, ఆ చుట్టుపక్కల కొండలకూ వంకలకూ జనం పిలుచుకునే పేర్లన్నీ తాను రాసిపెడతానన్నాడు మాస్టారు. ముప్పై ఏళ్లు పిల్లల చేత దేశంలోని నదుల పేర్లు బట్టీ పట్టించాడు గానీ, బడి వెనక పారే వంక పేరేమిటో ఆయనకే తెలీదు. ఆ సిగ్గు లోపల ఉండేది.

పేర్లు తెలిసినవాడు శీనయ్య. డెబ్బై దాటిన మనిషి, మేకలు కాస్తాడు, అదే చర్చికి వస్తాడు. చదువు రాదు. ఆ ఎండాకాలం రెండు నెలలూ పొద్దున్నే ఇద్దరూ గుట్టలు తిరిగారు. శీనయ్య కర్ర చాపి పేరు చెప్పేవాడు, మాస్టారు రాసుకునేవాడు. నక్కలబోడు, ఉప్పురాళ్ల గుట్ట, జిల్లేళ్ల వంక. ఆ పేరెందుకు వచ్చిందని అడిగితే చెప్పేవాడు. అడక్కపోతే నడుచుకుంటూ పోయేవాడు.

తారురోడ్డు పక్కనున్న ఒక వంక దగ్గర మాత్రం శీనయ్య ఆగి, రాయి మీద కూర్చున్నాడు.

"దీన్ని తిరిపెందాని వంక అంటారు సార్," అన్నాడు.

బిచ్చమెత్తుకునే ఆడమనిషి వంక అని. మాస్టారికి ఎండ మాడుస్తోంది, సీసాలో నీళ్లు అయిపోయాయి. రాసుకుని లేచాడు.

ఆత్మకూరులో అచ్చుకిచ్చే ముందు ఆ పేరు దగ్గర ఆయన కలం ఆగింది. చర్చి పుస్తకంలో ఇట్లాంటి మాటేమిటి అనిపించింది. కొట్టేసి 'కృపా వంక' అని రాశాడు. పాస్టరుగారు చూసి బాగుందన్నారు కూడా.

ఉత్సవం నాడు పుస్తకం ఇంటికొకటి పంచారు. తర్వాత ఆ వంక మీద కల్వర్టు కట్టినప్పుడు, పేరేమిటని కాంట్రాక్టరు అడిగితే ఎవరో ఆ పుస్తకమే చూపించారు. బోర్డు మీద కూడా కృపా వంక అనే పడింది.

శీనయ్య మనవరాలు రజిని వింజమూరులో ఇంటర్ చదువుతోంది. సెలవులకు వచ్చినప్పుడు తాత అడిగితే పుస్తకం మొత్తం చదివి వినిపించింది. మర్నాడు శీనయ్య మాస్టారి ఇంటికొచ్చి వసారాలో నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఆ వంక పేరు మార్చినారంట గదా సార్."

వినడానికి బాగుండదనే మార్చానని మాస్టారు చెప్పాడు. శీనయ్య మెల్లగా సంగతి చెప్పుకొచ్చాడు. వెనకటి కరువులో ఒక ఆడమనిషి చంకన బిడ్డనేసుకుని ఊళ్లో ఇల్లిల్లూ తిరిగింది. ఎవరూ గంజి పోయలేదు. తెల్లారేసరికి వంకలో చచ్చిపడుంది. బిడ్డ మాత్రం బతికుంది. పిల్లల్లేని ఒక ముసలామె దాన్ని తెచ్చి సాకింది. ఆ బిడ్డే శీనయ్య తల్లి.

"ఆడ ఆమె మీద ఎవురు కృప చూపించినారు సార్? ఆమె పేరేందో, ఏ ఊరో తెలీదు. సమాధి గూడా లేదు. మా అవ్వకు ఉండిందల్లా ఆ వంక పేరే."

"ఆ రోజే ఒక మాట చెప్పుండొచ్చు గదా శీనయ్యా."

"మీరు అడుగుతారని కూర్చున్నాను."

ఆ వారమంతా మాస్టారు కలం పట్టుకుని పల్లెపల్లెకూ తిరిగాడు. పుస్తకం తీసుకురమ్మని, పేరు దిద్ది, సంగతి చెప్పేవాడు. కొన్ని ఇళ్లలో పుస్తకం కనపడలేదు. కొందరు దిద్దనివ్వలేదు, కృపా వంకే వినసొంపుగా ఉండాది గదా సార్ అన్నారు. బోర్డు మార్చమని రెండు అర్జీలు పెట్టాడు. బోర్డు అట్లాగే ఉంది. చిన్నపిల్లలు ఇప్పుడు ఆ పేరే చెబుతున్నారు.

పుస్తకంలోకి ఎక్కని, కొండకు అవతలి పక్క పేర్లు ఇంకా రాయాల్సి ఉంది. వానలు పడ్డాక మాస్టారు శీనయ్య ఇంటికి వెళ్లాడు. శీనయ్య మంచం వాల్చి, మజ్జిగ తెప్పించాడు. రజిని చదువు గురించి మాట్లాడాడు. అవతలి పక్క పేర్ల మాట ఎత్తేసరికి తల అడ్డంగా ఊపాడు.

"ఏమో సార్. గుర్తుకు రావడం లేదు."

ఆయన రోజూ మేకల్ని తోలుకుపోయేది ఆ పక్కకే. మాస్టారు మజ్జిగ తాగి లేచాడు. ఆ పేర్లు ఇప్పటికీ ఎక్కడా రాసి లేవు.