మెరియమక్క ఆఖరున నింపిన కాగితం

మలేషియాలోని కోటా భారులో ఒక ఆసుపత్రి నర్సు రొహాయా ఏడాదిపాటు ఒక్క ఇంగ్లీషు కాగితంతో కుస్తీ పట్టింది. అందులో ఉన్నవి ఆరే ప్రశ్నలు: పని మనసును ఎంత అలసగొట్టింది, ఎంత తొందరపెట్టింది, ఎంత చిరాకు తెప్పించింది, ఇలాంటివి. ఒక్కో ప్రశ్న కింద ఇరవై గళ్లు; భారం ఎంత ఎక్కువైతే అంత పెద్ద అంకె గడిలో గుర్తు పెట్టాలి. వాటిని తన మలయ్ భాషలోకి తెచ్చింది, ఇంకొకరిచేత తిరిగి ఇంగ్లీషులో రాయించి సరిచూసుకుంది. ఈ ప్రశ్నలు పనిభారాన్ని నికరంగా కొలుస్తాయని తేలితేనే వార్డుకు ఇద్దరు నర్సులను అదనంగా ఇమ్మని పైవాళ్లను అడగగలదు.

తొలి పరీక్షలో ముప్ఫైమంది నర్సులు నింపారు. ఒక్కరూ నాలుగో గడి దాటలేదు. కాళ్లు వాచేలా పరుగెత్తే వాళ్లకు పని పూలపానుపట. మళ్లీ ఇలాగే వస్తే కాగితం పక్కన పెట్టేస్తామన్నారు, దాన్ని పరిశీలించే విశ్వవిద్యాలయం వాళ్లు. రొహాయాకు ఏడుపొచ్చింది.

టీ వేళ కొత్త నర్సు సల్వానీని నిలదీసింది.

"నిన్న కూచోడానికి తీరిక లేదన్నావు. మూడో గడిలో పెట్టావేమే?"

"మెరియమక్క మూడు పెట్టింది. ఆవిడకంటే నేనెక్కువ కష్టపడుతున్నానని రాస్తే కళ్లు పోవూ?"

మెరియమక్కది ఇరవై ఆరేళ్ల సర్వీసు. ఆవిడ ముద్ద ముట్టందే ఆ వార్డులో ఎవరూ తినరు. కాగితాలూ అదే వరసలో, ఒకే బల్ల చుట్టూ కూర్చుని నింపారు. రొహాయా తల కొట్టుకుంది. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ తానూ అలా పెరిగినదే కదా, ముందే తట్టొద్దూ.

"అక్కా, ఈసారి మీరు ఆఖరున నింపాలి. విడిగా," అంది వెళ్లి.

"ఏమే, నన్ను వెలేస్తున్నావా?"

"మీరు ముందుంటే పిల్లలు నిజం రాయరు. మీరూ రాయలేదు."

"పని బరువైందంటే అల్లా పెట్టే కూడును తిట్టినట్టు కాదూ?"

"రోజూ ఇంతమందికి జ్వరం చూస్తారు. చూపించుకున్నవాళ్లంతా దేవుణ్ణి తిట్టినట్టేనా అక్కా?"

మెరియం టీ తాగేసి పనిలోకి వెళ్లింది.

మర్నాటినుంచి ఒక్కొక్కరూ మందుల గదిలోకి వెళ్లి, తలుపేసుకుని నింపి, పెట్టెలో వేశారు. సల్వానీ లోపల పావుగంట ఉంది. అందరూ అయ్యాక మెరియం వెళ్లింది. రొహాయా తలుపు బయటే నిలబడింది.

తలుపు కొద్దిగా తెరుచుకుంది. కలం మెరియం చేతిలోనే ఉంది.

"ఏమే, ఈ గళ్లు ఇరవైతోనే ఆపేశారేం? మిగతాది ఎక్కడ రాయాలి?"