నన్ను రోజూ చూసిన ఆ ఒక్కరు

ప్రభువునందు ప్రియమైన సహోదరీ సహోదరులారా, ఈ పత్రికలో జబ్బులు నయమైనవారి సాక్ష్యాలు, తాగుడు మానినవారి సాక్ష్యాలు చాలా చదివాను. నాది వాటి పక్కన నిలబడేది కాదు. ఒక వెబ్‌సైటుకు డబ్బు కట్టాలా వద్దా అన్న చోట దేవుడు నన్ను ఎలా పట్టుకున్నాడో రాయమని మా పాస్టరమ్మగారు వదలకుండా అడిగారు కాబట్టి రాస్తున్నాను. నవ్వొస్తే నవ్వండి. మా సంఘంలో కొందరు ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు.

నా పేరు సునీత, మాది మహబూబ్‌నగర్. ఒక విత్తనాల కంపెనీ ల్యాబులో పనిచేసేదాన్ని. రైతులకు అమ్మే ముందు వేరుశనగ, ఆముదం, పత్తి గింజల్ని తడి కాగితంలో చుట్టిపెట్టి, వాటిలో మొలకెత్తేవెన్నో, చచ్చినవెన్నో చూసి చెప్పడం నా ఉద్యోగం. ఒకరోజు కంపెనీవాళ్లు ఆ ల్యాబును వేరే రాష్ట్రానికి తరలించారు. బల్లల్ని, ఫ్రిజ్‌ల్ని తీసుకుపోయారు గానీ మమ్మల్ని మాత్రం తీసుకుపోలేదు.

నాతో పనిచేసిన ఒక అమ్మాయి, ఉద్యోగాలు ఇచ్చేవాళ్లూ వెతుక్కునేవాళ్లూ కలిసే ఒక వెబ్‌సైటులో నాకొక పేజీ తెరిచి, నా ఫోటో, చదువు, అనుభవం అన్నీ ఎక్కించి, ఇక చూసుకో అక్కా అని చెప్పి వెళ్లిపోయింది. ఆ పేజీని ఎంతమంది చూశారో మనకు అంకె వేసి చూపిస్తుంది. మొదటి వారం పాత ఉద్యోగులు చూశారు, ఆ తర్వాత ఎవరూ చూడలేదు. సహోదరులారా, చీకటి అంటే నాకు అప్పుడే తెలిసింది! పొయ్యి మీద కూర పెట్టి ఫోను చూసేదాన్ని, కూర మాడిపోయేది, పాపకు జడ వేస్తూ చూసేదాన్ని, జడ వంకర పోయేది, ఆదివారం ఆరాధనలో పాటల పుస్తకం చాటున పెట్టుకుని కూడా చూసేదాన్ని, సున్నా కనబడితే ఆ పూట అన్నం దిగేది కాదు. నలభై దగ్గరపడుతున్న నన్ను ఇక ఎవరూ పిలవరని, నేను కూడా ఆ మొలకెత్తని గింజల లెక్కలో పడిపోయానని భయపడ్డాను.

కొన్నాళ్లకు ఆ సున్నా పోయి ఒకటి వచ్చింది. ఎవరో ఒకరు నన్ను చూశారు. మరుసటి రోజు మళ్లీ చూశారు, ఆ మరుసటి రోజు కూడా. ముఖం మసకగా ఉండేది, పేరు ఉండేది కాదు, కింద రవాణా రంగం, మహబూబ్‌నగర్ ప్రాంతం అని మాత్రం ఉండేది. డబ్బు కట్టి సభ్యత్వం తీసుకుంటే ఆ మనిషి ఎవరో చూపిస్తాం, నేరుగా ఉత్తరం రాసే వీలు కూడా ఇస్తాం అని పక్కనే రాసి ఉండేది. రవాణా రంగంవారికి మొలకలు చూసే మనిషితో ఏం పని అని మీరు అడగవచ్చు. నన్ను నేనూ అదే అడిగాను, జవాబు కూడా నేనే చెప్పుకున్నాను. విత్తనాలు లారీల్లోనే కదా పోతాయి, ఆ లారీల కంపెనీవారు రేపో మాపో సొంతంగా ల్యాబు పెడతారేమో, అందుకే నన్ను గమనిస్తున్నారేమో అనుకున్నాను, ఇంట్లో మా ఆయనతోనూ అదే అన్నాను. ఆశ పెట్టుకున్న మనిషికి లారీలోనైనా ల్యాబు కనబడుతుంది.

ఇక కట్టాలా, వద్దా? కడితే పాప బడి ఫీజుకు తీసిపెట్టింది పోతుంది. కట్టకపోతే వచ్చిన అవకాశం పోతుంది. మా ఆయన ప్రభుదాసు బస్సు కండక్టరు, ఎప్పుడు అడిగినా, జర ఆగు, వచ్చే నెల చూద్దాం అని ముఖం తిప్పుకునేవాడు. పైసలు పోతాయని ఆయన బాధ అనుకున్నాను, లోలోపల చాలా కోపం పెంచుకున్నాను.

మా సంఘంలో ఒక అలవాటు ఉంది. కొత్త బండి కొన్నా, బోరు వేయబోతున్నా, పిల్లలకు పరీక్ష హాల్‌టికెట్ వచ్చినా ముందు శుక్రవారం ఉపవాస ప్రార్థనకు తెచ్చి అందరి ముందు పెట్టాలి, విషయం పైకి చెప్పాలి, అప్పుడు అందరూ దాని మీద చేతులుంచి ప్రార్థన చేస్తారు. నేను ఆ డబ్బు కట్టే పేజీ తెరిచి ఫోనును చాప మీద పెట్టాను. నన్ను రోజూ చూస్తున్న ఒక పెద్ద అధికారి ఉన్నాడని, ఆయన ఎవరో తెలియదని, ఆయన్ను తెలుసుకోవడానికి డబ్బు కట్టమంటారో వద్దంటారో దేవుని చిత్తం తెలియాలని చెప్పాను. వెబ్‌సైటు అంటే ఏమిటో సగం మందికి అర్థం కాలేదు, అధికారి అన్న మాట మాత్రం అందరికీ అర్థమైంది. ఆ రోజు సెలవు కావడంతో ప్రభుదాసు కూడా వచ్చాడు, వెనక గోడకు ఆనుకుని కూర్చున్నాడు, పొద్దున్నుంచి ఆయన కూడా ఉపవాసమే.

సుందరమ్మ అవ్వ మా సంఘంలో అందరికంటే పెద్దావిడ. ఫోను మీద చెయ్యి వేసి ఆమె మొదలుపెట్టింది.

"ప్రభువా, గా ఆఫీసరు ఎవ్వరో మాకు తెల్వదు, నీకు తెల్సు. రోజు గీ బిడ్డను సూస్తుండు గని పిలుస్తలేడు. ఆయన మనసు కరిగియ్యి తండ్రీ. ఆయన నౌకరి సల్లగుండాలె, ఆయన ఇల్లు సల్లగుండాలె. ఆయన పెండ్లాంకు ఏ ఫికర్ లేకుంట నువ్వే సూడు."

అందరూ ఆమేన్, ఆమేన్ అంటున్నారు. నేనైతే ఏడుస్తున్నాను. అప్పుడు వెనక నుంచి ప్రభుదాసు లేచాడు.

"అవ్వా, జర ఆపు. గా ఆఫీసరు నేనే."

ప్రార్థన మధ్యలో ఆగిపోవడం మా సంఘంలో నేను ఎప్పుడూ చూడలేదు. ఆయన నావైపు చూడకుండా, నేలను చూస్తూ చెప్పాడు.

"నిన్ను ఎవ్వలు సూడని దినం నువ్వు అన్నం తింటలేవు. గందుకే నేను గూడ గా వెబ్‌సైటుల పేరు రాయించుకున్న. డ్యూటీ దిగినంక రోజు ఒక్కసారి తెరిచి సూస్తున్న. నువ్వు లారీల కంపెనీ అంటివి, ఇగ నాకు చెప్పనీకి నోరు రాలే."

నాకు మొదట వచ్చింది కోపమే, కృతజ్ఞత కాదు. నా ఆశంతా అక్కడే అందరి కళ్ల ముందు చచ్చిపోయింది, పైగా ఎవరో పకపకా నవ్వారు. ఫోను తీసుకుని లేచి వెళ్లిపోబోతుంటే సుందరమ్మ అవ్వ నా చెయ్యి పట్టుకుంది.

"యాడికి పోతవ్ బిడ్డా, కూసో. ప్రార్థన దారి తప్పలే. గా ఆఫీసరు పెండ్లాంకు ఫికర్ ఉండొద్దని అడిగిన. నువ్వే గద."

ఆ మాటకు నేను కూర్చున్నాను. ఇంటికి వచ్చి ఆయనతో మాట్లాడకుండానే, ఆ వెబ్‌సైటులో ఆయన పేరు కొట్టి చూశాను. కండక్టరు బట్టల్లో ఫోటో పెట్టుకున్నాడు. నీకు ఏమేం వచ్చో రాయమన్న చోట ఓపిక అని ఒక్క మాట రాసుకున్నాడు. ఆయన ఫోను తీసి చూస్తే, ఆయన్ను చూసినవారి దగ్గర ఒకటి ఉంది, ఆ ఒకటి అప్పుడే చూసిన నేనే. అంతకుముందు అన్నాళ్లూ సున్నా! ఆ సున్నా ఆయన అన్నాన్ని ఆపలేదు, నా సున్నా కోసం మాత్రం ఆయన దిగులుపడ్డాడు. దేవా, నన్ను చూసేవారు లేరని నీ మీద ఇన్నాళ్లు సణిగాను, నువ్వు మా ఇంట్లోనే ఒకరిని పెట్టావు, నేను ఆయన ముఖం కూడా సరిగా చూడలేదు, క్షమించు అని వంటింట్లోనే మోకాళ్లూనాను. నా గుండె మీది బరువు దిగిపోవడం నాకు తెలిసింది, దేవునికే మహిమ!

సభ్యత్వం తీసుకోలేదు. ఎవరో నన్ను చూసి పిలవాలని కూర్చోవడం మానేశాను. మరుసటి వారం ప్రభుదాసు బస్సులోనే మక్తల్ వెళ్లి, విత్తనాలు శుభ్రం చేసి సంచుల్లో నింపే మిల్లులకు నేనే పోయి, నాకు ఈ పని వచ్చు అని నోరు తెరిచి చెప్పాను. కొందరు కూర్చోమని కూడా అనలేదు. ఒక వేరుశనగ మిల్లు యజమాని మాత్రం, విత్తనం మొలకెత్తలేదని రైతులు వచ్చి తగువు పెట్టుకుంటున్నారమ్మా అంటూ నన్ను లోపలికి పిలిచాడు. జీతం పాతదానికంటే తక్కువే. పాప ఫీజు మాత్రం కట్టాం, పొద్దున నేను ఎక్కే బస్సులో చాలాసార్లు టికెట్ కొట్టేది మా ఆయనే.

ఇది చదువుతున్న సహోదరీ, సహోదరుడా, నన్నెవరూ చూడట్లేదని నీవు కుమిలిపోతుంటే, ఈ పూట ఆ ఫోను పక్కన పెట్టి దేవుణ్ణి అడుగు. ఆయన నిన్ను మరువలేదు. నీకోసం ఎవరిని పెట్టాడో చూపిస్తాడు, నమ్ము. ఆయన చేసిన మేలుకు నా కుటుంబమంతా వందనాలు చెల్లిస్తున్నాం.

ఆ వెబ్‌సైటులో నా పేజీ ఇంకా ఉంది. మసక ముఖంతో ఒకరు ఇప్పటికీ రోజూ చూస్తారు. నేనూ రోజుకు ఒకసారి ఆయన పేజీ తెరిచి చూసి మూసేస్తాను, ఆయనకు మళ్లీ సున్నా రాకూడదు కదా.