నా పాపకు పట్టింది దయ్యం కాదు

సహోదరులారా, సహోదరీలారా, ఇవాళ నేను స్తుతితో పాటు కోపం కూడా తెచ్చాను, రెండూ ప్రభువు సన్నిధిలోనే పెడతాను, కాస్త ఓపికగా వినండి.

నా కూతురు కెజియాను మీరంతా ఎరుగుదురు. పాట సగంలో లేచి పరుగెత్తేది, ప్రార్థన మొదలుపెట్టి ఆమేన్ అనకుండానే గుమ్మం దాటేది, బడిలో సంచి ఒకచోట, చెప్పులు ఒకచోట, తను ఇంకోచోట. ఇలాగైతే ఇక పంపొద్దమ్మా అని పంతులమ్మ చెప్పేసింది. బడి మానేస్తే నా బిడ్డకి కూడా నాలాగే మిరపకోతలేగా అని రోజూ మోకాళ్ళ మీద ఏడ్చేదాన్ని. ఊరంతా దయ్యమంటే, మన సంఘంలోవాళ్ళూ దయ్యమే అన్నారు! అప్పుడు ఇలా ప్రార్థించాను: "ప్రభువా, నా బిడ్డలో దయ్యముంటే తీసెయ్, లేకపోతే ఆ మాట అనేవాళ్ళ నోరన్నా ముయ్యి."

ఒకరోజు కోతకెళ్ళి వచ్చేసరికి మా ఇంటి తలుపు మూసి ఉంది, లోపల్నుంచి దగ్గులు. తోసి చూద్దును కదా, మా ఆడబిడ్డ మూకుడులో నిప్పులేసి, ఎండుమిరపకాయలు పోసి, నా బిడ్డ ముఖానికి పొగ పడుతోంది! ఆ వదిన గారు ఇక్కడే కూర్చున్నారు, ఆ పొగకి పట్టుకున్న దగ్గు ఆవిడకీ ఇంకా పోలేదు, ఈ సంగతి చెబుతానని ముందే చెప్పి వచ్చాను. దిష్టి మిరపకాయలు మానుకునేగా అయ్యా మనం బాప్తిస్మం తీసుకుంది? ప్రభువు పేరు చెప్పి పొగేస్తే అది ప్రార్థనైపోతుందా?

పాప కళ్ళు వాచిపోతే సత్తెనపల్లిలో కంటి డాక్టరుకి చూపించాను. అక్కడా అది బల్లలెక్కుతుంటే ఆయన నవ్వి, గుంటూరులో పిల్లల మానసిక డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళమన్నారు. కీడును మేలుగా మార్చే దేవుడు చూడండి, ఆ పొగే మమ్మల్ని అక్కడికి పంపింది! ఆమె ఓపిగ్గా అన్నీ అడిగి, బడిలో ఎలా ఉంటుందో పంతులమ్మ చేత రాయించి తెమ్మని, బరువు, గుండె చూసి, ఇది ఏడీహెచ్‌డీ, అంటే ధ్యాస ఒకచోట నిలవని జబ్బు అని చెప్పి మందు రాశారు. అది మెదడుకి హుషారిచ్చే మందట. వదిన గారు ఊరుకుంటారా, "ఉన్న హుషారు చాలకా, దీనికింకా హుషారు మందా?" అన్నారు. నాకూ అదే భయమేసి డాక్టరమ్మనే అడిగాను.

"చేలో నీళ్ళు కడతారుగా అమ్మా, నీళ్ళు మళ్ళించే మడవ దగ్గర మనిషి నిద్రపోతే ఏమవుతుంది?"

"నీళ్ళు ఎటుబడితే అటు పోతాయండి."

"ఈ మందు ఆ మనిషిని నిద్ర లేపుతుంది. అంతే."

ఆకలి తగ్గొచ్చు, పొద్దున్నే కడుపునిండా పెట్టి వేయండి, చెప్పినప్పుడల్లా తీసుకొచ్చి చూపించండి అన్నారు. ఇంటికొస్తే మళ్ళీ మాటలు, మాత్ర వేయడం అవిశ్వాసమని! వదిన గారి బీపీ మాత్ర విశ్వాసమూ, నా బిడ్డ మాత్ర అవిశ్వాసమూనా? ఆ డాక్టరమ్మకి తెలివిచ్చింది ఎవరండీ, సైతానా?

మాత్ర మానలేదు, ప్రార్థనా మానలేదు. బడిలో ఇప్పుడు రమ్మంటున్నారు. అల్లరి ఉంది, లేకుండా ఎక్కడికి పోతుంది, నా కూతురేగా! కానీ మొన్న పొద్దున కుటుంబ ప్రార్థనలో నా పక్కన మోకరించి ఇలా అంది: "ప్రభువా, అత్తకి దగ్గు తగ్గించు, ఇంకెవరికీ పొగ వేయనీయకు, ఆమేన్."

ఆమేన్ దాకా రావడం అదే మొదటిసారి, సహోదరులారా. వంటగదిలోంచి దగ్గుతూనే వదిన గారు కూడా ఆమేన్ అన్నారు.

దేవునికే మహిమ! ఆయన్ని నమ్మండి, ఆయన డాక్టరు చేత కూడా పని చేయిస్తాడు. మీ ఇంట కుదురులేని బిడ్డ ఉంటే మిరపకాయలు కూరలోకి ఉంచుకుని నా దగ్గరికి రండి, గుంటూరు బస్సు నేనే ఎక్కిస్తాను.